దున్నలకు మాత్రమే

ఫాల్గుణ బహుళ తదియ

ఫిరంగి కొండెక్కిందని కుళ్లాయప్ప అన్నాడు. దీపం కొండెక్కడమంటే ఆరిపోవడం కాబట్టి హవల్దారు దస్తగిరన్నకు ఆ మాట నచ్చలేదు. పనికిమాలిన మాటలు మాని చక్రం కింద రాయి పెట్టమన్నాడు. నిజానికి అది ఎక్కలేదు, మేం ఎక్కించాం. ముందు ట్రాక్టరు లాగుతుంటే, వెనక మేం చక్రాల కింద రాళ్లు తోస్తూ వచ్చాం. అది వెనక్కి జారిన ప్రతిసారీ అందరి మొహాలూ పాలిపోయాయి. ఎర్రబండ కనుమలో మూడో మలుపు పైనున్న ఈ చదును దాకా తెచ్చేసరికి పొద్దు వాలింది.

ప్రతి ఫిరంగికీ ఒక దినచర్య ఉండాలట. రాసే పని నాకు పడింది. నా పేరు వీరనాగమ్మ. యుద్ధానికి ముందు రోడ్ల శాఖలో సర్వే చేసేదాన్ని. ఇప్పుడు ఫిరంగికి గురి చూస్తాను. మా జట్టుకు దస్తగిరన్న పెద్ద. రైలు కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసినవాడు, ఈ గొట్టాన్ని తరిణె పట్టింది కూడా ఆయన చేతులే. ఎర్రిస్వామి గుండు ఎక్కిస్తాడు. ఒక్కో గుండు బలిసిన గొర్రెపిల్లంత బరువు. నాపరాళ్ల గనిలో బండలు మోసిన భుజాలు కాబట్టి అతనికి సరిపోయింది. కుళ్లాయప్ప గుండ్లు అందిస్తాడు, నోరు ఖాళీగా ఉన్నప్పుడు మాటలూ అందిస్తాడు.

కొండెక్కే ముందే రేడియోలు, చేతి గడియారాలు కింద ఇచ్చేశాం. దున్నలంటే శత్రువుల యుద్ధబండ్లు, మందపాటి ఉక్కురేకుతో గొలుసు చక్రాల మీద నడుస్తాయి. అవి వచ్చిన చోటికల్లా వాటితో పాటు రొద వస్తుంది. చెవికి వినిపించదు. కానీ ఆ రొదలో రేడియో పలకదు, డ్రోను ఎగరదు, ఎంత తెలివైన క్షిపణైనా గుడ్డిదై కొండను గుద్దుకుంటుంది. పోయిన ఏడు పెన్నేటి దిగువన మనవాళ్లు అలాగే ఓడారు. అందుకే తాతల కాలపు ఈ ఇనుము మళ్లీ పనికొచ్చింది. దీనిలో తీగ లేదు, చిప్పు లేదు. ఉక్కు, అద్దం, ఆముదం, అంతే.


ఫాల్గుణ బహుళ పంచమి

గొయ్యి తవ్వుతున్నాం. కిందంతా ఎర్ర రాయి, గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేస్తున్నాయి. ఫిరంగిని గోతిలో దించి, గొట్టం ఒక్కటే నేలకు ఆనుకుని ముందుకు చూసేలా పెట్టాలి. వెనక రెండు ఇనుప కాళ్లు చాపి, వాటి కొనలు రాతిలో దిగేలా కొట్టాలి. లేకపోతే కాల్చినప్పుడు అది ఎగిరి మా మీదే పడుతుంది.

ఒకసారి దించాక మళ్లీ పైకి తీయాలంటే ట్రాక్టరు కావాలి, సగం పూట తీరిక కావాలి. చిన్న ఫిరంగుల వాళ్లు నాలుగు గుండ్లు కాల్చి, తాళ్లు పట్టి లాక్కుని ఇంకో చోటికి పోతారు. మాకు ఆ వీలు లేదు. మొదటి గుండుతోనే మంటా దుమ్మూ కలిసి మేమెక్కడున్నామో చెప్పేస్తాయి. ఆ తర్వాత ఎవరు ముందు తగిలిస్తే వాళ్లు మిగులుతారు. దస్తగిరన్న ఇది దాచకుండా చెప్పి, నూనెగుడ్డ తీసుకుని గొట్టం వెనక తలుపు తుడవడానికి కూర్చున్నాడు.

దున్నకు ముందరి రేకు చాలా మందం. ఎదురుగా కొడితే గుండు జారి ఆకాశంలోకి పోతుంది. రెండో మలుపు తిరిగేటప్పుడే దాని డొక్క మాకు కనిపిస్తుంది. అక్కడ రోడ్డుకు ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. దున్న అక్కడ ఆగిపోతే వెనక వచ్చేవాటికి దారి లేదు. నేను ఆ మలుపుకు దూరం మళ్లీ మళ్లీ కొలిచాను.


ఫాల్గుణ బహుళ సప్తమి

కింద వంక మీద మోరీ, అంటే చిన్న వంతెన, ఉంది. ఆ మోరీ దగ్గర రోడ్డుకు అడ్డంగా కందకం తవ్వుతున్నారు. ముప్పై మందికి పైనే ఉంటారు. తుపాకులు, కిరోసిన్ సీసాలు తప్ప వాళ్ల దగ్గర ఏమీ లేవు. అందులో ఎర్రిస్వామి భార్య ఓబులమ్మ ఉంది. ఇద్దరినీ ఒకే కనుమలో వేసినందుకు ఎర్రిస్వామి ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియక ఫిరంగికి పెట్టాడు.

మధ్యాహ్నం ఆమె రాగి సంగటి, చింతాకు పప్పు తీసుకుని పైకొచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మాట కూడా అంతే. గొయ్యి చుట్టూ తిరిగి, గొట్టం మీద అరచెయ్యి వేసి చూసింది. ఆ సమయానికి మేం గొట్టం ముందు నేల తడుపుతున్నాం. కాల్చినప్పుడు దుమ్ము లేవకూడదు. లేస్తే మాకు రెండో గురి అందదు, వాళ్లకు మా చోటు తెలిసిపోతుంది. అందుకని రోజూ రెండు పూటలా నేల తడిపి, తడి గోనెపట్టాలు పరుస్తాం. ఈ ఎండకు అవి చూస్తుండగానే ఆరిపోతాయి.

ఓబులమ్మ ఆ నీళ్లు చూస్తూ నిలబడిపోయింది. వాళ్లకు కందకంలో మనిషికి పూటకు ఒక చెంబు నీళ్లు. ఎర్రిస్వామి సిగ్గుపడి, తన వంతు సీసా ఆమె సంచిలో పెట్టబోయాడు. ఆమె తీసి మళ్లీ అతని చేతిలో పెట్టింది. ‘దీనికే పోయండి. ఇది బాగుంటే మేం బాగుంటాం’ అంది.

పోయేముందు నన్ను పక్కకు పిలిచి, వీళ్లనడిగితే అంతా తమాషా చేస్తారు, నువ్వు నిజం చెప్పు అని అడిగింది.

‘అక్కా, దీని గుండు మా మోరీ దాకా అందుతాదా?’

‘అందుతాది’ అన్నాను. నిజమే కదా, అందుతుంది.


ఫాల్గుణ బహుళ నవమి

ట్రాక్టరు తీసుకుపోయారు.

కెప్టెన్ ప్రభంజన్ స్వయంగా వచ్చాడు. మా వెనక, కనుమ దాటితే పైకట్ట జలాశయం. చుట్టుపక్కల పల్లెలన్నీ ఇప్పుడు అక్కడే ఉన్నాయి. తీరం ఉప్పు పాలయ్యాక నీళ్ల కోసం ఎగువకు వస్తున్న రేవువాళ్లు ఈ కనుమ దాటితే, ఆ జనానికి నిలబడే చోటుండదు. అందుకని అందరినీ ఆనకట్ట మీదుగా పడమటి గట్టుకు దాటిస్తున్నారు. ముసలివాళ్లను, జబ్బువాళ్లను, నీళ్ల ట్యాంకులను లాగడానికి ట్రాక్టర్లు చాలడం లేదట. జనం దాటాక తిరిగి పంపుతానన్నాడు. దస్తగిరన్న సరే సార్ అన్నాడు. ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోలేదు.

ఎర్రిస్వామి, కుళ్లాయప్ప నీళ్లకు పోయారు. వాళ్లు లేరని చూసుకున్నాక కెప్టెన్ అసలు మాట చెప్పాడు.

‘ఈ ఫిరంగి దున్నలకు మాత్రమే. ముందు నక్కలొస్తాయి. ఎన్నొచ్చినా, ఏం చేసినా మీరు కాల్చకూడదు. పెద్ద దున్న రెండో మలుపులో డొక్క చూపించే దాకా మీరు ఇక్కడ లేనట్టే.’

నక్కలంటే చిన్న బండ్లు. పలుచటి రేకు, పైన మరతుపాకి, లోపల ఇద్దరు మనుషులు. వాటిని కొట్టడం మాకు పిట్టను కొట్టినంత సులువు.

కింద కందకం సంగతేమిటని దస్తగిరన్న అడిగాడు. వాళ్లు అక్కడ ఉండబట్టే దున్నలు ధైర్యంగా పైకొస్తాయని కెప్టెన్ చెప్పాడు. ఉన్న అడ్డమంతా అదేననుకుని, దాన్ని తొక్కేసి, ఇక దారి ఖాళీ అని మలుపు తిరుగుతాయి.

‘ఆ సంగతి వాళ్లకు ఎరికేనా సార్?’

‘తెలిస్తే ఉంటారా?’

ఆ మాట అంటూ కెప్టెన్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. పాతికేళ్లు దాటి ఎన్నో రోజులు కాని మనిషి. తన అమ్మమ్మ ఆనకట్ట మీద మంచంలో ఉందని, నలుగురు మోస్తున్నారని, అడక్కుండానే చెప్పి వెళ్లిపోయాడు.

దస్తగిరన్న చాలాసేపు గొట్టం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: ‘ఎర్రిస్వామికి చెప్పొద్దు నాగమ్మా. వాడు ఆ యమ్మకు చెప్తాడు. ఆ యమ్మ అందరికీ చెప్తాది.’

నేను చెప్పలేదు.


ఫాల్గుణ బహుళ దశమి

పొద్దున నుంచి వేడిగాలి. తూర్పున దూరంగా దుమ్ము లేచింది, మళ్లీ అణిగింది. గొట్టం లోపల పొడుగు కర్రకు గుడ్డ చుట్టి తుడిచాం. గుండ్లు ఒక్కోటి తుడిచి పేర్చాం. సంగటి ఎవరికీ సహించలేదు.

ఓబులమ్మ మళ్లీ వచ్చింది. ఆమె పైకి వస్తుండగా చూసి, గురిఅద్దం తుడిచే నెపంతో గోతిలోకి దిగి తల వంచుకున్నాను. ఆమె భర్తతో వాళ్ల ఊరి సంగతులేవో మాట్లాడి పోయింది. ఇంట్లో మేకను పెద్దమ్మ పడమటి గట్టుకు తోలుకుపోయిందట, అది చూలుతో ఉందట. ఎర్రిస్వామి ఆ వార్త మాకు రెండుసార్లు చెప్పాడు.


ఫాల్గుణ బహుళ ద్వాదశి

రాయాలి. రేపటికి ఏది ముందు ఏది వెనక అని కలగాపులగం అవుతుంది.

ఎండ బాగా ఎక్కాక రొద వచ్చింది. వచ్చిందని ఎలా తెలిసిందంటే, వెనక ఆనకట్ట మీద ట్రాక్టర్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. వాటిలో ఉన్న చిప్పులు చచ్చిపోయాయి. ఆనకట్ట మీద జనం చీమల బారులా ఉన్నారు. ట్రాక్టర్లు వదిలి, మంచాలు భుజానికెత్తుకుని నడక మొదలుపెట్టడం దుర్భిణిలో చూశాను. సగం మంది కూడా దాటలేదు.

తర్వాత కింద నక్కలొచ్చాయి. ఆరు. వంక దాటకుండా విడిపోయి, కందకాన్ని రెండు వైపుల నుంచీ పట్టాయి.

మొదట మనవాళ్లు బాగానే నిలబడ్డారు. ఒక నక్కను దగ్గరకు రానిచ్చి కిరోసిన్ సీసాతో కాల్చేశారు. మిగతా ఐదూ దూరంగా జరిగి, సీసాలు అందని చోట నిలబడి, మరతుపాకులతో కందకాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా దున్నడం మొదలుపెట్టాయి. అవి కదలడం కూడా లేదు. గురిఅద్దంలో ఒక నక్క పక్క భాగం అంతా నిండుగా కనిపిస్తోంది. తలుపు మీద ఎవరో రంగుతో గీసిన చేప బొమ్మ కూడా తెలుస్తోంది.

ఎర్రిస్వామి గుండు ఎక్కించి, తలుపు మూసి, నా వైపు చూశాడు. నేను దస్తగిరన్న వైపు చూశాను. దస్తగిరన్న రెండో మలుపు వైపు చూస్తున్నాడు.

‘అన్నా, ఎక్కించినా’ అన్నాడు ఎర్రిస్వామి.

‘సూసినా.’

‘మరి కాల్చల్యా?’

‘అవి నక్కలు.’

ఎర్రిస్వామికి అర్థం కాలేదు. నక్కలైతే ఏమి, ఆడ మావాళ్లు సచ్చిపోతాండారు కదా అన్నాడు. గొంతు పెంచలేదు. దస్తగిరన్న వేరే దిక్కు చూస్తున్నాడనుకుని దారి చూపిస్తున్నట్టు చెయ్యి చాపి కిందికి చూపించాడు. అప్పుడు దస్తగిరన్న ఆజ్ఞ సంగతి చెప్పాడు. నాకూ తెలుసని కూడా చెప్పాడు. ఎర్రిస్వామి నా మొహం చూశాడు. ఆ చూపు గురించి రాయను.

అతను గోతిలోంచి పైకెక్కాడు. కుళ్లాయప్ప కాలు పట్టుకోబోతే విదిలించుకున్నాడు. దస్తగిరన్న ఆపలేదు.

‘పోతే పో ఎర్రిస్వామీ. నేను ఆపను. నువ్వు పోతే ఈ గుండు ఎత్తేటోడు ఇంగొకడు లేడు. అది తెలుసుకుని పో.’

ఎర్రిస్వామి రోడ్డు దాకా పోయాడు. అక్కడ నుంచి కింద కందకమూ కనిపిస్తుంది, తల తిప్పితే ఆనకట్టా కనిపిస్తుంది. రెండు వైపులా చూస్తూ నిలబడ్డాడు. కింద తుపాకుల చప్పుడు పలచబడుతోంది. అతను కూలబడ్డాడు. మట్టి రెండు గుప్పిళ్లతో పట్టుకుని నెత్తి మీద పోసుకున్నాడు. తర్వాత లేచి వచ్చి తన చోట నిలబడ్డాడు.

కందకం చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

నేను అనవసరంగా గోనెపట్టాల మీద నీళ్లు చల్లాను. చేతులకు ఏదో ఒక పని కావాలి.

దున్నలు తీరిగ్గా వచ్చాయి. మూడు. ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఒక్కోటి పల్లెటూరి బడి అంత ఉంది. మోరీ మీదుగా, కందకం మీదుగా, ఏమీ లేనట్టే వచ్చాయి. కెప్టెన్ చెప్పినట్టే దారి ఖాళీ అనుకున్నాయి. మొదటిది రెండో మలుపుకు వచ్చి, తిరగడానికి ఆగి, గొలుసులు కీచుమంటుండగా డొక్క చూపించింది.

‘ఇప్పుడు’ అన్నాడు దస్తగిరన్న.

గొయ్యి అంతా ఎగిరి పడింది. దుమ్ము పెద్దగా లేవలేదు. దున్న డొక్కలో చిన్న రంధ్రం, సూది గుచ్చినంత. ఏమీ కాలేదేమోననుకున్నాను. తర్వాత పై మూత తెరుచుకుని లోపలి నుంచి తెల్లటి పొగ వచ్చింది, దాని వెనక ఎర్రటి మంట. మనుషులు దూకారు. ఇద్దరు దూకారు, మూడోవాడు మూతలోనే ఆగిపోయాడు. ఉప్పు నీళ్ల పుండ్లు పడ్డ బక్కచిక్కిన చేతులు. ఆ చేతులు అద్దంలో అంత స్పష్టంగా కనిపించకుండా ఉంటే బాగుండేది.

ఎర్రిస్వామి అప్పటికే రెండోది ఎక్కించాడు. అంత వేగంగా అతను ఎప్పుడూ ఎక్కించలేదు. రెండో దున్న మొదటిదాన్ని లోయలోకి తోయాలని పక్కకు తిరిగింది. అలా తిరగడమే దాని చావు. అది కూడా అక్కడే ఆగి కాలింది. రోడ్డు మూసుకుపోయింది.

మూడోది వెనక్కి జరుగుతూ మమ్మల్ని వెతికింది. ఈ లోపు గోనెపట్టాలు మా మంటకే ఆరిపోయి, దుమ్ము లేచి నా అద్దం ముందు నిలబడింది. నేను గుడ్డిగా కాల్చాను, తగల్లేదు. వాళ్ల గుండు గోతి అంచున రాతి మీద పడింది.

కళ్లు తెరిచేసరికి దస్తగిరన్న ఇనుప కాలికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నిద్రపోయినట్టే ఉంది కానీ మెడ దగ్గర రాతి ముక్క దిగి ఉంది. కుళ్లాయప్ప కుడి చెయ్యి మణికట్టు దగ్గర వేలాడుతోంది. దాన్ని ఎడం చేత్తో పట్టుకుని, తన చెయ్యి కాదన్నట్టు చూస్తున్నాడు. ఎర్రిస్వామి గుండు ఎక్కించి నిలబడి ఉన్నాడు. అతని చెవుల్లోంచి నెత్తురు కారుతోంది.

దుమ్ము తొలిగింది. మూడో దున్న ఇంకా జరుగుతూనే ఉంది. ‘ఇప్పుడు’ అనడానికి ఎవరూ లేరు కాబట్టి నాకు నేనే అనుకుని కాల్చాను. గొలుసు తెగి, అది రోడ్డుకు అడ్డంగా తిరిగి నిలిచిపోయింది. లోపలివాళ్లు దిగి పరుగెత్తారు. వాళ్ల మీద కాల్చడానికి మా దగ్గర తుపాకి ఉంది. ఎవరం దాని జోలికి పోలేదు.

దారి మూసుకుపోవడంతో మిగిలిన నక్కలు వెనక్కి తిరిగాయి, ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. రొద కూడా తగ్గిందేమో, పొద్దు వాలేటప్పుడు ఆనకట్ట చివర పచ్చ జెండా ఎత్తారు. జనమంతా దాటారని అర్థం.


ఫాల్గుణ బహుళ త్రయోదశి

దస్తగిరన్నను ఫిరంగి గోతి పక్కనే పూడ్చాం. కుళ్లాయప్పకు పీర్ల పండుగ దగ్గర విన్న నాలుగు మాటలు తెలుసు. ఒంటి చెయ్యి చాపి అవే చదివాడు.

ట్రాక్టరు రాలేదు. వస్తుందని ఎవరం అనుకోలేదు కూడా. గొట్టంలో మట్టి కూరి, గుండు ఎక్కించి, పొడుగు తాడు కట్టి దూరం నుంచి లాగాం. గొట్టం అరటిపండు తొక్కలా చీలింది. దస్తగిరన్న లేతు మీద తిప్పిన గొట్టం అది. ఆయన చూడకపోవడమే మేలనిపించింది.

బయలుదేరే ముందు కొండ పక్క నుంచి ముగ్గురు మనుషులు పాక్కుంటూ వచ్చారు. కందకంలో మిగిలింది ఆ ముగ్గురే. కాల్పులు మొదలవగానే మోరీ పక్క బండల్లోకి పోయి దాక్కున్నారట. అందులో చెంచురామయ్య అనే పెద్దాయన ఎర్రిస్వామిని గుర్తుపట్టి దగ్గరకు వచ్చాడు. నాకు ఆయనను ఆపాలనిపించింది, కానీ ఏ హక్కుతో ఆపను?

ఓబులమ్మను కూడా బండల్లోకి రమ్మన్నానని ఆయన చెప్పాడు. ఆమె రాలేదు. కందకంలో వాళ్లను కూడా పోనివ్వలేదు. ‘ఉండండి, ఇప్పుడు కొడతారు. మా ఆయప్ప ఆడ ఉండాడు, ఇప్పుడు కొడతారు’ అని అంటూనే ఉందట. పక్కన మనుషులు పడిపోతున్నా అదే మాట. గొంతు వినిపించినంతసేపూ అదే మాట.

ఎర్రిస్వామికి సరిగా వినపడలేదు. చెవులు పోయాయి కదా. దగ్గరకు వంగి మళ్లీ చెప్పమన్నాడు. పెద్దాయన మళ్లీ చెప్పాడు, ఈసారి గట్టిగా.


చైత్ర శుద్ధ దశమి

పడమటి గట్టు. గుడారాలు. తాగడానికి నీళ్లున్నాయి. కుళ్లాయప్ప చెయ్యి తీసేశారు. ఎడం చేత్తో అన్నం తినడం నేర్చుకుంటున్నాడు, మాటలు మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

ఇరవై వేల మంది దాటారని కెప్టెన్ ప్రభంజన్ చెప్పాడు. ఆ ఇరవై వేల మందిలో ఆయన అమ్మమ్మ ఉంది, మా అక్క పిల్లలున్నారు, చూలు మేకతో ఓబులమ్మ పెద్దమ్మ ఉంది. నాతో చెయ్యి కలిపి, ఇక మీదట నేనే హవల్దారునన్నాడు. కార్ఖానా నుంచి కొత్త ఫిరంగి వస్తోందట.

ఎర్రిస్వామి ఫిరంగి పని వదిలి కందకం పనికి మార్చమని అడిగి, మారిపోయాడు. నాతో మాట్లాడలేదు. నేను కూడా అతని గుడారం వైపు పోలేదు.


చైత్ర బహుళ విదియ

కొత్త ఫిరంగిని కోతిగుండు దారిలో దించాం. కొత్త జట్టు, కొత్త పేర్లు. నీళ్ల పీపాలు, గోనెపట్టాలు వచ్చాయి. ముందు, దారి మీద అడ్డంగా, కందకం తవ్వుతున్నారు.

కెప్టెన్ వచ్చి పాత ఆజ్ఞే చెప్పాడు. దున్నలకు మాత్రమే. కందకం వాళ్లకు తెలియకూడదు. నేను సరే సార్ అన్నాను. ఆయన గుర్రం మలుపు తిరిగేదాకా చూసి, కొండ దిగి కందకం దగ్గరకు పోయాను.

నలభై మంది దాకా ఉన్నారు. గడ్డపారలు ఆపి, ఫిరంగి నుంచి మనిషి వచ్చిందని లేచి నిలబడ్డారు. ఒకామె మజ్జిగ చెంబు అందించింది. తాగితే చెప్పలేనని తాగలేదు. ఎర్రిస్వామి చివర్లో ఉన్నాడు, చెవికి గుడ్డ కట్టుకుని. తవ్వడం ఆపలేదు. అతనికి వినపడేలా గట్టిగా చెప్పాను.

‘నక్కలొస్తే పైనున్న ఫిరంగి కాల్చదు. మీరంతా సచ్చిపోతాండినా కాల్చదు. పెద్ద దున్న వచ్చేదాకా అది కాల్చదు. ఆ మాట మీకు చెప్పొద్దన్నారు. నేను చెప్తాండా.’

ఒకతను, మరి మమ్మల్ని ఇక్కడెందుకు పెట్టారని అడిగాడు. అది కూడా చెప్పాను. అడ్డం ఇదేననుకుని దున్నలు ధైర్యంగా లోపలికి రావాలని. మజ్జిగ ఇచ్చిన ఆమె చెంబు వెనక్కి తీసుకుని, నీళ్లలా నేల మీద పోసేసింది. ఇద్దరు మగవాళ్లు పక్కగుడ్డలు చుట్టుకుని ఎగువకు నడిచారు. వాళ్లను ఎవరూ తిట్టలేదు. ఇంకా ఎంతమంది పోతారోనని నేను లెక్కపెట్టకుండా నేల చూస్తూ నిలబడ్డాను. ఇక్కడ అడ్డం లేకుండా పోతే వెనకున్న గుడారాల గతి ఏమిటో నాకూ తెలుసు.

అప్పుడు ఎర్రిస్వామి పార నేలకు గుచ్చి వచ్చాడు. ఎర్రబండ తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

‘దున్న యాడికొస్తే కొడతావు?’

దారి సన్నబడే చోటు చూపించాను. దాన్ని చూశాడు. తర్వాత దారి మీద సగం తవ్విన కందకాన్ని చూశాడు. తర్వాత దారికి ఎడం పక్కన, మనిషెత్తు బండలు పేరుకున్న గుట్టను చూశాడు. తలలోనే ఏదో కొలుచుకున్నాడు.

‘అయితే మేం దారి మింద ఉండే పనే ల్యా. ఆ బండల్లోకి నక్కలు ఎక్కలేవు. ఆడ నుంచి కాల్చినా అడ్డం ఉన్నట్టే కనపడతాది. వాళ్లు మమ్మల్ని ఏమీ చేయలేక మమ్మల్ని దాటుకునే పోతారు. నీ దున్న నీకొస్తాది.’

మిగతావాళ్లు దగ్గరకు చేరారు. ఒకరు బండల మధ్య సందులు ఎక్కడున్నాయో చూపించారు. ఇంకొకరు నీళ్ల కుండలు పెట్టడానికి నీడ ఉందన్నారు. కాసేపటికి అందరూ పారలు, గడ్డపారలు భుజాన వేసుకుని గుట్ట వైపు కదిలారు. మజ్జిగ పోసేసిన ఆమె కూడా కదిలింది. పోయిన ఇద్దరూ దూరంగా ఆగి ఇటే చూస్తున్నారు.

ఎర్రిస్వామి రెండడుగులు వేసి ఆగాడు. నా వైపు తిరగలేదు.

‘మోరీ పక్కన గూడా బండలుండె గదక్కా’ అన్నాడు.

‘ఉండె’ అన్నాను.

అతను పార అందుకుని గుట్ట ఎక్కాడు. పైన బండ మీద పార పడిన చప్పుడు వినిపించింది. కాసేపు ఆగింది. మళ్లీ పడింది.